కొట్టు పాతది, పిన్ను కింద

ప్రశ్న: బరంపురంలో మాకు ఇరవై రెండేళ్లుగా పట్టుచీరల కొట్టు ఉంది. ఇచ్ఛాపురం, సోంపేట వైపు నుంచి పెళ్లి బట్టలకు వచ్చేవాళ్లే ఎక్కువ. ఈమధ్య అందరూ మ్యాప్ చూసుకుంటూ నిరుడు తెరిచిన షోరూమ్‌కి వెళ్లిపోతున్నారు. వెతికితే ముందు అదే వస్తోంది. 18 వేలు కడితే గూగుల్ మ్యాప్స్‌లో ఏడాదంతా మొదటి స్థానం గ్యారంటీ అని ఒక ఏజెన్సీ కుర్రాడు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. కట్టమంటారా?
- ఒక వ్యాపారి, బరంపురం

జవాబు: వద్దు. అతను అమ్ముతున్నది అమ్మకానికి లేని సరుకు.

ముందు ఆ షోరూమ్ పేరు దగ్గర చిన్న అక్షరాల్లో ‘స్పాన్సర్డ్’ అని ఉందేమో చూడండి. ఉంటే అది డబ్బు కట్టి వేయించుకున్న యాడ్. అసలు వరస దాని కింద మొదలవుతుంది. ఆ వరసకి గూగుల్ మూడు విషయాలు చూస్తానంటుంది: వెతికిన మాటకి మీ కొట్టు ఎంత సరిపోతుంది, వెతికే మనిషికి ఎంత దూరంలో ఉంది, కొట్టుకి ఎంత పేరుంది. డబ్బు తీసుకుని ఈ వరసలో ఎవరినీ పైకి జరపమని కూడా గూగులే చెబుతోంది. మరి ఆ కుర్రాడు గ్యారంటీ ఎలా ఇస్తున్నాడు?

దానికో చిట్కా ఉంది. మీ కొట్టు గుమ్మంలో నిలబడి ‘పట్టుచీరలు’ అని వెతికితే మీ కొట్టే పైన రావచ్చు, దూరం సున్నా కదా! ఆ స్క్రీన్‌షాట్ మీకు వాట్సాప్‌లో పంపి, పని అయిపోయిందంటారు. అదే మాట కొత్త బస్టాండులో దిగినవాడు వెతికితే వరస వేరు, ఇచ్ఛాపురంలో ఇంట్లో కూర్చుని వెతికితే ఇంకా వేరు. కాబట్టి మీరు మీ ఫోన్‌లో చూసుకుని టెన్షన్ పడకండి. ఇచ్ఛాపురంలో ఉన్న చుట్టాన్ని ఎవరినైనా వెతికి చూడమనండి. అంత దూరం నుంచి చూస్తే బరంపురంలో కొట్లన్నిటికీ దూరం ఇంచుమించు ఒకటే. అక్కడ తేల్చేది మిగతా రెండూ.

మీ ఫిర్యాదులో న్యాయం లేదని మాత్రం అనను. ఫోన్ తెర చిన్నది. పైనున్న ఒకటి రెండు పేర్లు చూసి బండి కదిలించేవాళ్లే ఎక్కువ. మీ కొట్టు పేరే టైపు చేసినా దాని నెత్తి మీద వేరేవాళ్ల యాడ్ రావచ్చు, ఎందుకంటే పోటీవాళ్లు మీ పేరునే కీవర్డ్‌గా (ఏ మాట వెతికితే యాడ్ రావాలో ఆ మాటగా) పెట్టి యాడ్ కొనుక్కోవచ్చు. ఇరవై రెండేళ్లు సంపాదించిన పేరు మీద ఇంకొకడు బోర్డు కట్టడమే ఇది. నాకైతే నచ్చదు, కానీ ప్రస్తుతం పద్ధతి అంతే.

పైసా ఖర్చు లేని పనులు ముందు చేయండి. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో, అంటే మ్యాప్‌లో మీ కొట్టు వివరాలు ఉండే పేజీలో, మీ ప్రధాన కేటగిరీ ‘బట్టల షాపు’ అని ఉంటే చీరల షాపుగా మార్చండి. పెళ్లిళ్ల రోజుల్లో ఆదివారం తెరిచే ఉంటారుగా, వేళల్లో ‘సెలవు’ అని ఉందేమో చూసుకోండి. మూసి ఉందనుకుంటే ఎవరూ రారు. బోర్డు స్పష్టంగా కనిపించే ఫొటో పెట్టండి. రివ్యూలు అడగండి, కానీ రివ్యూ రాస్తే జాకెట్ ముక్క ఫ్రీ అనకండి, అది నిబంధనలకు విరుద్ధం. కొట్టు పేరు పక్కన ‘బరంపురంలో బెస్ట్ పట్టుచీరలు’ అని తోక తగిలించినా ప్రొఫైల్ నిలిపేసే ప్రమాదం ఉంది.

అయినా యాడ్ వేసి చూడాలనిపిస్తే పెళ్లిళ్ల సీజన్లో కొన్నాళ్లు, రోజుకింతని కట్టడి పెట్టుకుని, మీ సొంత గూగుల్ యాడ్స్ ఖాతా నుంచి వేయండి. దారి కోసం నొక్కినా, ఫోన్ కోసం నొక్కినా క్లిక్కుకింత అని పోతుంది. కొన్నాడా లేదా అన్నది గూగుల్‌కి అనవసరం. ఊరు ఎంచుకునేటప్పుడు జాగ్రత్త: ఒడిశాలో మనది బ్రహ్మపుర్, పశ్చిమ బెంగాల్ ముర్షిదాబాద్ జిల్లాలో బహరంపూర్ ఇంకోటి ఉంది. ఇంగ్లిష్ స్పెల్లింగుల్లో రెండూ ఇట్టే కలిసిపోతాయి. పేరు బదులు కొట్టు చుట్టూ ముప్పై, నలభై కిలోమీటర్ల వలయం గీస్తే ఇచ్ఛాపురం కూడా అందులోకి వస్తుంది, రాష్ట్రం సరిహద్దు అడ్డు రాదు. లొకేషన్ సెట్టింగులో ‘ఆసక్తి ఉన్నవాళ్లు’ కూడా ముందే కలిపి ఉంటారు. దాన్ని తీసేసి, అక్కడ ఉన్నవాళ్లకే అని పెట్టండి. ఆ రోజుల్లో వచ్చిన ప్రతివాళ్లనీ ‘ఎలా తెలిసింది?’ అని అడిగి బిల్లు పుస్తకం వెనక రాసుకోండి. ఏజెన్సీ రిపోర్టు కన్నా ఆ కాగితమే నమ్మకం.

ప్రశ్న: పర్లాకిమిడిలో మాది టిఫిన్ హోటల్. మ్యాప్‌లో ‘శాశ్వతంగా మూసివేశారు’ అని వస్తోంది. రోజూ ఇడ్లీ వేస్తున్నామండీ!

జవాబు: మ్యాప్‌లో మార్పులు ఎవరైనా సూచించవచ్చు, అలా పడి ఉంటుంది. ప్రొఫైల్ మీ పేరున ఉంటే లోపలికెళ్లి ‘తెరిచి ఉంది’ అని మార్చేయండి. లేకపోతే ఈ రోజే క్లెయిమ్ చేసుకోండి, అంటే ఆ హోటల్ మీదేనని గూగుల్‌కి చెప్పండి. రుజువుగా వీడియో తీసి పంపమంటే బోర్డు, వీధి, వంటగది కనిపించేలా ఆపకుండా ఒకే షాట్‌లో తీయండి.

ప్రశ్న: రాయగడలో మజ్జిగౌరమ్మ గుడికి వచ్చేవాళ్లు మా లాడ్జిలో దిగుతారు. మ్యాప్‌లో మా పేరు కింద ఉన్న ఫోన్ నంబరు మాది కాదు. ప్రొఫైల్ పెట్టిన ఏజెంటు ఫోన్ ఎత్తడం లేదు.

జవాబు: ప్రొఫైల్ అతని మెయిల్‌తో ఉండి ఉంటుంది. మ్యాప్‌లో మీ లాడ్జి తెరిచి, యాజమాన్యం కోరే లింకు నొక్కండి. అతను స్పందించకపోతే మీరే వెరిఫికేషన్ చేసుకునే అవకాశం రావచ్చు. చేతికి రాగానే ముందు నంబరు మార్చండి. ఇక మీదట ఎవరికి పని అప్పజెప్పినా మేనేజర్ హోదా ఇవ్వండి, ప్రైమరీ ఓనర్‌గా మీ మెయిలే ఉండాలి. ఓటీపీ ఎవరు అడిగినా చెప్పకండి.