పాయింట్స్ పర్ గేమ్ చూసి ర్యాంకులు ఇచ్చేస్తే సరిపోతుందా?

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ ప్లేయర్లకి స్టాట్స్‌తో ర్యాంకులు ఇవ్వాలంటే మ్యాచ్‌కి సగటున ఎన్ని పాయింట్లు కొట్టాడో చూస్తే చాలదా అని అడిగారు. చాలదండీ. నేనూ అలాగే మొదలుపెట్టి రూమ్మేట్ల ముందు నవ్వులపాలయ్యాను కాబట్టి కొంచెం వివరంగానే చెబుతాను.

2014లో ఎమ్మెస్‌కి వెళ్లినప్పుడు క్యాంపస్ జాబ్ కోసం తిరిగితే లైబ్రరీలో లేదు, క్యాంటీన్‌లో లేదు, చివరికి దొరికింది కోర్టు పక్కన స్టాట్స్ రాసే బల్ల దగ్గర. అక్కడ ఒకడు ఆట మీంచి కళ్లు తిప్పకుండా "23 షాట్, మిస్, 11 రీబౌండ్" (23వ నంబర్ జెర్సీవాడు వేసింది పడలేదు, తిరిగొచ్చిన బంతిని 11వ నంబర్‌వాడు పట్టాడు అని) గడగడా చెబుతుంటాడు, పక్కవాడు అది వింటూ లాప్‌టాప్‌లో కొడుతుంటాడు. నేను కొట్టేవాణ్ణి. అప్పట్లో కాలేజీ జెర్సీల మీద 0 నుంచి 5 దాకా అంకెలే వాడాలి, ఫౌల్ ఎవరిదో రిఫరీ వేళ్లతో చూపించాలి కదా, అందుకు (2023-24 నుంచి ఆ రూల్ తీసేశారు). దాంతో ఒకే టీమ్‌లో 14, 41 ఇద్దరూ ఉండేవాళ్లు, ఒకరోజు 14 పట్టిన రెండు రీబౌండ్లు నేను 41 ఖాతాలో వేసేశాను. హాఫ్ టైమ్‌లో ఎవరో చూశారు కాబట్టి సరిపోయింది, చూడకపోతే ఆ రెండూ రికార్డులో అలాగే ఉండేవి. అసిస్ట్, అంటే బుట్టలో పడటానికి దారితీసిన పాస్, దాని సంగతి ఇంకా ఘోరం. బంతి అందుకున్నాక నాలుగడుగులు డ్రిబుల్ చేసి వేస్తే అది పాస్ ఇచ్చినవాడి గొప్పా, వేసినవాడి గొప్పా? ఆ క్షణంలో బల్ల దగ్గర కూర్చున్నవాడికి ఏది తోస్తే అదే. అసిస్టుల లిస్టు చూసినప్పుడల్లా నాకు ఆ బల్లే గుర్తొస్తుంది.

సరే, పాయింట్ల విషయానికి వద్దాం. క్రికెట్‌లో 60 బంతులాడి 60 చేసినవాణ్ణి, 25 బంతుల్లో 50 బాదినవాణ్ణి ఒకే గాటన కట్టం కదా, ఇక్కడా అంతే, ఎన్ని షాట్లు మింగాడు అన్నది అడగాలి. దానికి ట్రూ షూటింగ్ అని ఒక లెక్క ఉంది: ఫ్రీ త్రోల (ఫౌల్ జరిగితే అడ్డం లేకుండా వేసే షాట్లు) సంఖ్యని 0.44తో గుణించి మామూలు షాట్ల సంఖ్యకి కలపండి, వచ్చినదాన్ని రెట్టింపు చేసి, దాంతో పాయింట్లని భాగించండి. 0.44 ఎందుకంటే ప్రతి ఫ్రీ త్రో ఒక అవకాశాన్ని ఖర్చు చేయదు, రెండేసి మూడేసి కలిపి వస్తాయి, బుట్టలో పడ్డాక అదనంగా ఒకటి వస్తుంది.

1960ల చివర్లో ఆడిన పీట్ మారవిచ్ మీద వేసి చూడండి. ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) తరఫున మూడే సీజన్లు, 83 మ్యాచ్‌లు, 3,667 పాయింట్లు, సగటు 44.2. సగటు చూస్తే దేవుడే. కానీ అందుకు 3,166 షాట్లు, 1,152 ఫ్రీ త్రోలు పట్టాయి, ట్రూ షూటింగ్ 50 శాతానికి కాస్త తక్కువే వస్తుంది, ఇవాళ్టి లెక్కలో సాదాసీదా అంకె. అలాగని ఆయన్ని తీసిపారేయకండి, అప్పుడు త్రీ పాయింట్ గీతే (దాని అవతల నుంచి వేస్తే రెండుకి బదులు మూడు పాయింట్లు) లేదు (కాలేజీల్లో అన్ని చోట్లా వచ్చింది 1986-87లో), ఫస్టియర్ వాళ్లని మెయిన్ టీమ్‌లో ఆడనిచ్చేవాళ్లే కాదు. డెట్రాయిట్ మెర్సీ కుర్రాడు ఆంటోయిన్ డేవిస్ ఐదు సీజన్లు, 144 మ్యాచ్‌లాడి 3,664 దగ్గర ఆగిపోయాడు, మూడంటే మూడు పాయింట్లు తక్కువ. తమాషా ఏంటంటే ఇద్దరికీ కోచ్ సొంత నాన్నే, ఇన్ని షాట్లు వేస్తున్నావేంరా అని అడిగేవాళ్లెవరు! ఆడవాళ్లని కూడా కలిపితే 2024 మార్చిలో కైట్లిన్ క్లార్క్ మారవిచ్‌ని దాటేసి 3,951 దాకా వెళ్లింది. మొత్తానికి కాలాలు కలిపి ఒకే లిస్టు వేయకండి, నాకు బాగా దెబ్బ తగిలింది అక్కడే.

ఒకే సీజన్‌లో కూడా ఈ తేడా కనిపిస్తుంది. 2024-25లో పాయింట్ల సగటులో మొదటివాడు విలనోవా యూనివర్సిటీ ప్లేయర్ ఎరిక్ డిక్సన్, 23.3. ప్లేయర్ ఆఫ్ ద ఇయర్ మాత్రం డ్యూక్ యూనివర్సిటీ కుర్రాడు కూపర్ ఫ్లాగ్, సగటు 19.2. కానీ పాయింట్లు, రీబౌండ్లు, అసిస్టులు, స్టీల్స్ (అవతలివాళ్ల బంతి లాక్కోవడం), బ్లాక్స్ (షాట్‌ని అడ్డుకోవడం) అయిదింట్లోనూ తన టీమ్‌లో అతనే ముందు. పోనీ పాయింట్ల లిస్టు ఎప్పుడూ తప్పేనా అంటే అదీ కాదు, అంతకు ముందు ఏడాది పర్‌డ్యూ యూనివర్సిటీ ప్లేయర్ జాక్ ఈడీ 25.2తో అందులోనూ ఫస్టు, అవార్డుల్లోనూ ఫస్టే. ఫైనల్లో 37 కొట్టి కూడా యూకాన్ (కనెక్టికట్ యూనివర్సిటీ) చేతిలో 75-60తో ఓడిపోయాడు పాపం.

మీరు ర్యాంకులు వేసే షీట్‌లో నేనైతే ముందు నిమిషాలు తక్కువ ఆడినవాళ్లని తీసేస్తా. సగటు వదిలేశాక నా తర్వాతి లిస్టుని నిమిషానికి ఎన్ని పాయింట్లన్న లెక్కన వేసి సగర్వంగా చూపిస్తే టాప్‌లో తేలినవాడు గెలుపు ఖాయమైపోయాక ఆఖరి మూడు నిమిషాలకి దింపే బెంచి కుర్రాడు, ఆ వారమంతా మా రూమ్‌లో వాడి పేరుతోనే నన్ను పిలిచారు. ఎన్‌సీఏఏ (కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ) వాళ్లు కూడా టీమ్ ఆడిన మ్యాచ్‌లలో 75 శాతమైనా ఆడితేనే తమ లిస్టులోకి తీసుకుంటారు. తర్వాత ట్రూ షూటింగ్, టీమ్ అవకాశాల్లో అతను వాడుకున్న వాటా రెండూ పక్కపక్కన పెట్టండి, ఎందుకంటే రోజుకి నాలుగు డంకులు (ఎగిరి బంతిని నేరుగా బుట్టలోకి తోసేయడం) మాత్రమే వేసేవాడికి శాతం ఎలాగూ ఆకాశంలో ఉంటుంది. ఆఖర్న ఎవరి మీద ఆడాడో చూడండి, కాలేజీ ఆటల్లో పై మెట్టయిన డివిజన్ వన్‌లోనే 360కి పైగా టీమ్‌లు ఉన్నాయి, అన్నీ ఒకటి కాదు. ఈ సర్దుబాటుకి కెన్‌పామ్ అనే కాలేజీ బాస్కెట్‌బాల్ స్టాట్స్ సైట్ వాడతాను, అందులో చాలా భాగం డబ్బు కట్టి చూడాలి.

ఫార్ములా సరిగ్గా పెట్టారో లేదో తేల్చుకోవాలంటే 2012లో గ్రినెల్ కాలేజీ తరఫున జాక్ టేలర్ ఒకే మ్యాచ్‌లో కొట్టిన 138 పాయింట్లు వేసి చూడండి. అది డివిజన్ త్రీ, ఆ టీమ్ పద్ధతే పరుగో పరుగు. 108 షాట్లు, 10 ఫ్రీ త్రోలు. 61 శాతం చిల్లర రావాలి.