‘నో డిస్క్’ అంటే లెన్సు పోయినట్టు కాదు

చిరంజీవి సుధకు, మావయ్య ఆశీస్సులు.

మీ తిరువాన్మియూరు ఇంట్లో డీవీడీ ప్లేయర్ ‘నో డిస్క్’ అంటోందనీ, టీవీలో బొమ్మ నలుపు తెలుపుల్లో వస్తోందనీ రాశావు. ఈ రెంటికీ సంబంధం లేదు. కలిపి చూసుకుని కంగారు పడకు.

ముందు బొమ్మ సంగతి. దీనికి స్క్రూడ్రైవర్ అక్కర్లేదు. ప్లేయర్ ఆన్ చేయగానే కనిపించే కంపెనీ లోగోలో కూడా రంగు లేదంటే తప్పు డిస్కుది కాదు, వైరుదో సెట్టింగుదో. ఏవీ కేబుల్లో పసుపు పిన్ను బొమ్మకి, తెలుపు ఎడమ సౌండుకి, ఎరుపు కుడి సౌండుకి. ఈమధ్య టీవీల్లో చాలావాటికి పసుపు సాకెట్టు విడిగా ఉండదు, ఆకుపచ్చదే కాంపొనెంటుకీ (బొమ్మను మూడు వైర్లలో పంపే పద్ధతి) ఏవీకీ పనిచేస్తుంది. పసుపు పిన్ను అందులో పెట్టి టీవీలో ‘కాంపొనెంట్’ ఎంచుకుంటే రంగు పోతుంది. ‘ఏవీ’ ఎంచుకో. అయినా రాకపోతే ప్లేయర్ సెటప్‌లో టీవీ సిస్టమ్‌ని ‘పాల్’ చెయ్యి. మన దేశంలోది అదే, 625 గీతలు, సెకనుకు 25 ఫ్రేములు. ‘ఎన్‌టీఎస్‌సీ’ అమెరికా వాళ్లది. మీ ఇల్లు సముద్రానికి దగ్గర కాబట్టి ఉప్పుగాలికి సాకెట్లు పచ్చగా చిలుం పడతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన ఇయర్‌బడ్‌తో తుడిచి, పిన్ను పెట్టి అటూ ఇటూ నాలుగుసార్లు తిప్పు.

సౌండు మాత్రమే రాని డిస్కులుంటే ప్లేయర్ సెటప్‌లోనే ఆడియోని ‘బిట్‌స్ట్రీమ్’ నుంచి ‘పీసీఎం’కి మార్చు, చాలు.

ఇక ‘నో డిస్క్’. ఒక పాటల సీడీ, కొట్లో కొన్న డీవీడీ, ఇంట్లో రాసుకున్న డీవీడీ, మూడూ వేసి చూడు. ఇంట్లో రాసినది మాత్రమే ఆడకపోతే దాన్ని ‘ఫైనలైజ్’ చేయలేదన్నమాట, అంటే రాయడం అయ్యాక వేరే ప్లేయర్లలో ఆడేలా ముగించలేదు, ప్లేయర్‌ని తిట్టి లాభం లేదు. సీడీ ఆడి డీవీడీలు ఆడకపోతే లేజర్ మీద అనుమానపడాలి. సీడీని చదివేది 780 నానోమీటర్ల కిరణం, డీవీడీని చదివేది 650. ఒకటి నీరసించినా రెండోది నడుస్తుంది. ఏదీ ఆడకపోతే చాలాసార్లు కారణం లెన్సు మీది ధూళే. అమెరికా నుంచి తెచ్చిన డిస్కు ‘రీజియన్’ అని తిరగ్గొడితే అది రోగం కాదు. డిస్కు ఏ ప్రాంతంలో ఆడాలో చెప్పే నంబరు అది, వాళ్లది 1, మనది 5.

లెన్సు తుడవడానికి ప్లేయర్ విప్పేముందు ప్లగ్గు పీకి పది నిమిషాలు ఆగు. పవర్ బోర్డు మీద 400 వోల్టులని రాసిన లావుపాటి కెపాసిటర్‌లో కరెంటు నిలవుంటుంది, దాదాపు 325 వోల్టులు. ఆ బోర్డు మీద చెయ్యి వేయకు. లెన్సు వెంట్రుకల్లాంటి తీగల మీద వేలాడుతూ ఉంటుంది. ఆల్కహాల్ బడ్‌ను నొక్కకుండా, చంటిపిల్ల కన్ను తుడిచినట్టు ఒకసారి తిప్పి, వెంటనే పొడి బడ్‌తో తుడువు. సెంటు, కొబ్బరినూనె, నోటి ఆవిరి ఇవేవీ వద్దు. డిస్కును మాత్రం నడిమి నుంచి అంచుకి గీసినట్టు తుడవాలి, గుండ్రంగా తుడిస్తే పడిన గీత డేటా వెంటే సాగి చదవనివ్వదు.

తుడిచాక మూత తీసి ఉంచే, చేతులు దూరంగా పెట్టుకుని ప్లగ్గు పెట్టు. ఖాళీ ట్రే మూయగానే లెన్సు రెండు మూడుసార్లు పైకీ కిందకీ కదలాలి, అందులో సన్నని ఎరుపు కనబడాలి. పక్కనుంచే చూడు, కన్ను నేరుగా పైన పెట్టకు. కదులుతోంది గానీ ఎరుపు లేదంటే రిబ్బన్ కేబుల్ (బల్లపరుపు పట్టీ వైరు) వదులో, పికప్ (లేజరూ లెన్సూ ఉన్న ముక్క) పోయిందో. ముందు ప్లగ్గు పీకి రిబ్బన్ తీసి మళ్లీ బిగించు.

పికప్పే పోతే దాని మీది నంబరు చూసి, మీ చెన్నైలో ఎలక్ట్రానిక్ సామాను దొరికే రిచీ స్ట్రీట్‌లో అదే కొను. కొత్త పికప్‌కి స్టాటిక్ కరెంటు తగలకుండా ఒక టంకం చుక్కతో షార్ట్ చేసి పంపుతారు. రిబ్బన్ పెట్టాక ఆ చుక్క తీయాలి. అది మరిచిపోయి ‘కొత్తదీ పాడే’ అనే మెకానిక్కులున్నారు. ఇంకొందరు పికప్ మీది చిన్న ప్రీసెట్ (స్క్రూలా తిప్పే సర్దుబాటు) తిప్పి లేజర్ పెంచుతారు. అప్పటికి ఆడుతుంది, కొన్నాళ్లకి పూర్తిగా ఆరిపోతుంది. ఆ పని చేయనివ్వకు.

ట్రే తెరుచుకోక గరగరమంటే రబ్బరు బెల్టు సాగింది. వేడినీళ్లలో వేస్తే కాస్త బిగుస్తుంది, అది నాలుగు రోజుల ముచ్చటే. లైటే వెలగకపోతే పవర్ బోర్డు మీద తల ఉబ్బిన కెపాసిటర్ ఉందేమో చూడు. టంకం పని వచ్చినవాళ్లతోనే మార్పించు. మైక్రోఫారడ్‌లు అంతే ఉండాలి, వోల్టులు అంతే గానీ ఎక్కువ గానీ, 105 డిగ్రీల వేడికి తట్టుకునేది, దాని ఒంటి మీది చారవైపు కాలు మైనస్.

టీవీ వెనక మూత మాత్రం నువ్వు విప్పకు. సౌండు వచ్చి తెర చీకటిగా ఉంటే, గది చీకటి చేసి టార్చి ఏటవాలుగా కొట్టు. మసగ్గా బొమ్మ కదిలితే ప్యానెల్ బాగుంది, బ్యాక్‌లైట్ ఎల్‌ఈడీలు పోయాయి. వరసలో ఒక్కటి పోయినా మొత్తం చీకటవుతుంది. ‘ప్యానెల్ మార్చాలి’ అన్నవాడికి ఆ టార్చి చూపించు. అక్టోబరు నుంచి ఉరుముల వానలు కదా, ప్లగ్గుతో పాటు డిష్ వైరు కూడా పీకు. చాలామంది ప్లగ్గు పీకి వైరు వదిలేస్తారు.

ట్రే బెల్టు కొనడానికి రిచీ స్ట్రీట్‌కి వెళ్లేటప్పుడు పాతది జేబులో వేసుకో, వేళ్లతో చూపించే కొలత పనికిరాదు. ఆదివారం వెళ్లకు, అక్కడ చాలా కొట్లు మూసి ఉంటాయి.

మీ మావయ్య