డార్క్ చాక్లెట్‌తో బరువు తగ్గుతారా? ముందు రేపర్ వెనక్కి తిప్పి చూడండి

"డార్క్ చాక్లెట్ రోజూ తింటే గుండెకు మంచిదంటున్నారు, బరువు కూడా తగ్గుతుందంటున్నారు, నిజమేనా?" అని ఒకరు అడిగారు. గుండె సంగతి కొంత నిజం. బరువు సంగతి అబద్ధం. చాక్లెట్ వల్ల బరువు తగ్గినవాళ్లను నేను ఇంతవరకు చూడలేదు, ఇకముందు చూస్తానన్న నమ్మకమూ లేదు. చాక్లెట్ మానకుండానే బరువు తగ్గినవాళ్లు మాత్రం ఉన్నారు. మా అక్కే ఉంది.

అక్కకు మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక డాక్టరు బరువు తగ్గక తప్పదన్నారు. జిమ్‌లో చేరింది. అక్కడి ట్రైనర్ డైట్ చార్టు రాసిస్తూ, డార్క్ చాక్లెట్ కొవ్వును కరిగిస్తుంది, రాత్రి పడుకోబోయే ముందు తినండి అని చెప్పాడట. కొన్నాళ్లకు నేను వాళ్లింటికి వెళ్తే ఫ్రిజ్ తలుపు అరలో బార్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి. "ఏంటక్కా ఇవన్నీ?" అంటే, "అది నా మందురా, నువ్వు ముట్టుకోకు" అంది.

"కొంచెమే తింటున్నాను" అని ఎవరన్నా సరే, తూచి చూపించేదాకా నేను నమ్మను. వంటింట్లో చిన్న డిజిటల్ కాటా ఉంటే తీసి బల్ల మీద పెట్టి, రోజూ తినేంత విరిచి దీని మీద పెట్టవే అన్నాను. "నాలుగు ముక్కలేరా, అంతకంటే ముట్టను" అంటూ ఒక వరస విరిచి పెట్టింది. 40 గ్రాములు చూపించింది. రేపర్ వెనక్కి తిప్పితే 100 గ్రాములకు దాదాపు 550 కేలరీలని ఉంది. అంటే ఆ నాలుగు ముక్కలకే 220. జిమ్‌లో ముప్పావు గంట చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది అంతే. పొద్దున చెమటోడ్చి నడిచినదంతా రాత్రి మంచం మీద కూర్చుని వెనక్కి తెచ్చుకుంటోందన్నమాట. "మరి భోజనంలో ఏమన్నా తగ్గించావా?" అంటే, "ఎందుకు తగ్గించాలి, ఇది కరిగిస్తుందిగా" అంది.

ఆ తర్వాత చూసింది ఇంకా ముఖ్యం. రేపర్ ముందు వైపు బంగారు రంగులో పెద్దక్షరాలతో 'డార్క్' అని ఉంది. వెనక, అందులో ఏమేం కలిపారో చెప్పే జాబితా ఎంత చిన్న అక్షరాల్లో వేశారంటే, ఫోన్ కెమెరాతో ఫొటో తీసి పెద్దది చేసుకుని చదవాల్సి వచ్చింది. మొదటి పేరు చక్కెర! ఈ జాబితాల్లో బరువు ప్రకారం ఏది ఎక్కువుంటే దాన్ని ముందు రాస్తారు. అంటే ఆ బార్‌లో కోకో కంటే, కోకో గింజల కొవ్వయిన కోకో బటర్ కంటే, మరి దేనికంటేనైనా చక్కెరే ఎక్కువ. అక్క కళ్లద్దాలు పెట్టుకుని తనే మరోసారి చదివింది. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత కోపంగా, "అయితే మానేయమంటావా?" అంది.

మానేయమని నేను ఎవరికీ చెప్పను. నా బ్యాగులో ఉన్న, 85 శాతం కోకో బార్ తీసి చిన్న ముక్క ఇచ్చి, నమలకు, నాలుక మీద పెట్టుకుని ఊరుకో అన్నాను. కోకో బటర్ మన ఒంటి వేడి కంటే కాస్త తక్కువలోనే, దాదాపు 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అందుకే ముందు ముక్క అంచులు మెత్తబడి, తర్వాత మొత్తం నాలుక మీద పరుచుకుంటుంది. మొదట చేదు తగులుతుంది, ఆ వెనకే వగరు, నోరు పిడచగట్టినట్టవుతుంది, చాలా ఆలస్యంగా ఏదో పండు పులుపు లాంటిది వస్తుంది. అక్క మొహం ముడుచుకుంది, మళ్లీ విప్పారింది. మింగడానికి రెండు మూడు నిమిషాలు పట్టింది. ఇంకో ముక్క ఇవ్వనా అంటే "చాల్లేరా బాబూ" అంది. రోజూ నాలుగు ముక్కలు తినే మనిషి!

నా అభిప్రాయం మొత్తం ఇదే. డార్క్ చాక్లెట్‌లో బరువుకు పనికొచ్చే గుణం ఒక్కటే ఉంది. అసలైన చేదుది ఎక్కువ తినలేం. తీపి చాక్లెట్ ఒక ముక్క తింటే చెయ్యి తనంతట తనే రెండోదానికి వెళ్తుంది, 85 శాతం దగ్గర ఆగిపోతుంది. 2011లో అచ్చయిన ఒక డేనిష్ ప్రయోగంలో 16 మంది యువకులకు ఒకరోజు డార్క్, ఇంకోరోజు మిల్క్ చాక్లెట్ వంద గ్రాముల చొప్పున తినిపించి, రెండు గంటల తర్వాత కడుపునిండా తినమన్నారు. డార్క్ తిన్న రోజున వాళ్లు ఆ భోజనంలో 17 శాతం తక్కువ కేలరీలు తిన్నారు. పదహారు మందే కదా అనొచ్చు. నిజమే, చిన్న ప్రయోగం. కానీ చుట్టాల ఇళ్లలో, ఆఫీసులో నేను చూసిందంతా దానికి సరిగ్గా సరిపోతోంది కాబట్టి నేను నమ్ముతాను.

మరి "బరువు తగ్గిస్తుంది" అన్న ప్రచారం ఎక్కడిది? దానికి బాగా ఊపొచ్చింది 2015లో. జాన్ బొహానన్ అనే సైన్స్ జర్నలిస్టు, జర్మనీలో డాక్యుమెంటరీ తీసేవాళ్లతో కలిసి, కావాలనే ఒక నాసిరకం అధ్యయనం చేశాడు. పట్టుమని పదిహేను మంది, మూడు వారాలు. ఒక గుంపుకు పిండిపదార్థాలు తగ్గించిన భోజనం, ఇంకో గుంపుకు అదే భోజనంతో పాటు రోజూ 42 గ్రాముల డార్క్ చాక్లెట్, మూడో గుంపుకు మామూలు తిండి. బరువు, కొలెస్ట్రాల్, నిద్ర అంటూ 18 రకాల కొలతలు తీశారు. అంత తక్కువ మంది దగ్గర అన్ని కొలతలు తీస్తే ఏదో ఒకదాంట్లో తేడా ఊరికే కనబడుతుంది. చాక్లెట్ గుంపు పది శాతం వేగంగా బరువు తగ్గినట్టు కనబడింది. అదే రాసి పంపితే, డబ్బు కడితే చాలు అచ్చేసే జర్నల్ ఒకటి అచ్చేసింది. జర్మనీలో 'బిల్ట్' పత్రిక మొదటి పేజీలో వేసింది, తర్వాత దేశదేశాల మీడియా ఎత్తుకుంది. ఆఖరికి బొహానన్ తనే అసలు సంగతి బయటపెట్టాడు. వార్త పాకినంత దూరం ఆ వివరణ పాకలేదు. ఈ రోజుకీ నా ఫోన్‌కు "చాక్లెట్ తినండి, సన్నబడండి" అంటూ ఫార్వర్డ్‌లు వస్తూనే ఉంటాయి. ఆరోగ్యం వార్త రాసేవాళ్లు "ఎంతమంది మీద, ఎన్నాళ్లు చేశారు" అని ఒక్క లైను రాస్తే ఏం పోతుంది? ఆ ఒక్క లైను ఉంటే అక్క లాంటివాళ్లు నెలల తరబడి మోసపోరు.

2024 డిసెంబరులో 'బీఎంజే' వైద్య పత్రికలో అమెరికా నర్సులు, వైద్య సిబ్బంది ఆహారపు అలవాట్లను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనం వచ్చింది. లక్షమందికి పైగా ఉన్నారు. వారానికి అయిదుసార్లు, అంతకు మించి డార్క్ చాక్లెట్ తినేవాళ్లకు టైప్ 2 షుగర్ వచ్చే అవకాశం 21 శాతం తక్కువ కనబడింది. మిల్క్ చాక్లెట్ ఎక్కువ తినేవాళ్లు బరువు పెరిగారు, డార్క్ తినేవాళ్లలో ఆ పెరుగుదల కనబడలేదు. జాగ్రత్తగా చూడండి, పెరగలేదన్నారు, తగ్గారనలేదు. పైగా ఇది గమనించి రాసిన లెక్క. చేదు చాక్లెట్ కొనుక్కునే మనిషి మిగతా తిండి విషయంలోనూ జాగ్రత్తగానే ఉండి ఉండొచ్చు.

ఇక గుండె. ఇక్కడ కోకోకు ఇవ్వాల్సిన గౌరవం ఇవ్వాలి. పనామా తీరాన శాన్ బ్లాస్ దీవుల్లో ఉండే కూనా తెగవాళ్లకు వయసు పెరిగినా బీపీ పెరగడం లేదని హార్వర్డ్‌కు చెందిన నార్మన్ హాలెన్‌బర్గ్ గమనించారు. వాళ్లు ఉప్పు తక్కువేమీ తినరు. అదే తెగవాళ్లు పట్నానికి వలస వెళ్తే అందరిలాగే బీపీ వచ్చింది. దీవుల్లో ఉన్నప్పుడు కోకో బాగా తాగుతారు, పెద్దగా ప్రాసెస్ చేయని కోకో. అందులో సహజంగా ఉండే ఫ్లేవనాల్స్ అనే పదార్థాలు రక్తనాళాల లోపలి పొరలో నైట్రిక్ ఆక్సైడ్‌ను పెంచి, నాళాలు వదులయ్యేలా చేస్తాయి. ఇది గాలి కబురు కాదు. 200 మిల్లీగ్రాముల కోకో ఫ్లేవనాల్స్ రోజూ తీసుకుంటే రక్తనాళాల సాగే గుణం నిలబడుతుందని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2012లో ఒప్పుకుంది. బీపీ మీద అప్పటిదాకా జరిగిన ప్రయోగాలను కలిపి చూసిన 2017 నాటి కొక్రేన్ సమీక్ష ప్రకారం సగటున తగ్గింది 2 పాయింట్ల లోపే. అంటే పనిచేస్తుంది, కానీ బీపీ మాత్ర మానేసేంత కాదు. 2022లో ఫలితాలు వచ్చిన 'కాస్మోస్' అనే అమెరికా ప్రయోగంలో 21 వేల మందికి పైగా పెద్ద వయసువాళ్లలో సగం మందికి రోజూ 500 మిల్లీగ్రాముల ఫ్లేవనాల్స్, మిగతా సగానికి ఉత్తుత్తి మాత్రలు ఇచ్చి చూశారు. మొత్తం గుండె జబ్బుల ఘటనల్లో తేడా గట్టిగా తేలలేదు, గుండె జబ్బు మరణాలు మాత్రం 27 శాతం తక్కువ కనబడ్డాయి. నాకు ఆ రెండో అంకె ఆశ కలిగిస్తుంది. అయితే వాళ్లు మింగింది క్యాప్సూల్, చాక్లెట్ బార్ కాదు.

నాకు అన్నిటికంటే మంట పుట్టించేది ఇక్కడే. బార్ మీద 70 శాతం, 85 శాతం అని వేస్తారే, అది కోకో గింజ నుంచి వచ్చిన మొత్తం పదార్థం, కోకో బటర్‌తో కలిపి. ఫ్లేవనాల్స్ ఎంత ఉన్నాయో ఆ అంకె చెప్పదు. ఫ్లేవనాల్స్ రుచి చేదు, వగరు. ఆ వగరు పోగొట్టడానికే కోకోను క్షారంతో, అంటే ఆల్కలీతో శుద్ధి చేస్తారు. బాగా క్షారం పట్టించిన పొడిలో ఫ్లేవనాల్స్ సహజమైన పొడితో పోలిస్తే పదో వంతుకు పడిపోవచ్చు. రంగు మాత్రం ఇంకా నల్లబడుతుంది! నల్లగా ఉంది కదా, మంచిదేనని జనం కొంటారు. కేలరీలు, కొవ్వు, చక్కెర అన్నీ అచ్చేస్తారు కదా, ఫ్లేవనాల్స్ ఎన్ని మిల్లీగ్రాములో కూడా వేయండి. గుండె పేరు చెప్పి అమ్ముకునేవాళ్లు ఆ ఒక్క అంకె దాచడం అన్యాయం. జాబితాలో 'ఆల్కలీ' అనో, 'ఆల్కలైజ్డ్ కోకో' అనో కనిపిస్తే నేను బార్ తిరిగి అరలో పెట్టేస్తాను.

'షుగర్ ఫ్రీ' చాక్లెట్లు ఇంకో తలనొప్పి. మా బాబాయికి షుగర్ ఉందని ప్రేమకొద్దీ ఎవరో ఒక పెట్టె ఇచ్చారు. చక్కెర లేదుగా అని ఆయన సాయంత్రానికి సగం పెట్టె ఖాళీ చేశారు. రాత్రంతా బాత్రూమ్‌కు తిరుగుతూనే ఉన్నారు. అందులో ఉన్నది చక్కెర బదులు వాడే మాల్టిటాల్ అనే తీపి పదార్థం. చక్కెర కంటే తక్కువైనా దానికీ కేలరీలుంటాయి, రక్తంలో షుగర్‌నూ కొంత పెంచుతుంది, ఎక్కువైతే విరేచనాలు పట్టుకుంటాయి. షుగర్ ఉన్నవాళ్లకు దాని కంటే 85 శాతం డార్క్ చిన్న ముక్క మేలు, అదీ భోజనం తర్వాత.

చేదు ఎక్కువైన కొద్దీ మంచిదని రోజుకో బార్ తినేవాళ్లకు కూడా ఒక మాట. 2022లో అమెరికాలోని కన్స్యూమర్ రిపోర్ట్స్ సంస్థ 28 డార్క్ చాక్లెట్లను పరీక్ష చేయిస్తే అన్నిట్లోనూ సీసం, కాడ్మియం అనే విష లోహాలు దొరికాయి. రోజుకు 28 గ్రాములు తిన్నా 23 రకాల్లో ఏదో ఒక లోహం ఎక్కువే అవుతుందని తేల్చింది. కాడ్మియం నేలలోంచి చెట్టు పీల్చుకుంటుంది, సీసం గింజలు ఆరబోసినప్పుడు దుమ్ములోంచి అంటుకుంటుంది. చిన్నపిల్లలకు, గర్భిణులకు రోజూ అలవాటు చేయొద్దని నేను గట్టిగా చెబుతాను. పెద్దవాళ్లు ఎప్పుడూ ఒకటే బ్రాండ్‌కు అతుక్కుపోకుండా మారుస్తుంటే మంచిది.

అక్క ఇప్పుడు మధ్యాహ్నం భోజనమయ్యాక పది గ్రాముల ముక్క ఒకటే తింటోంది. పది గ్రాములకు దాదాపు 60 కేలరీలు. రాత్రి మానేశాక నిద్ర బాగా పడుతోందట. పట్టదూ మరి, కోకోలో కెఫీన్ ఉంది, దాని చుట్టమే అయిన థియోబ్రోమిన్ అంతకు చాలా రెట్లు ఉంది. పడుకోబోయే ముందు తినమన్న ఆ ట్రైనర్‌కు ఈ మాత్రం తెలియదా అని నాకు ఇప్పటికీ కోపం. బరువూ తగ్గింది, అది నడక వల్ల, రాత్రి భోజనం తగ్గించడం వల్ల.

మీరు మొదలుపెట్టాలనుకుంటే 70తో మొదలుపెట్టి నెమ్మదిగా 85కు రండి. మొత్తం బార్ పక్కన పెట్టుకుని టీవీ ముందు కూర్చోకండి, ముక్క విరిచి మిగతాది లోపల పెట్టేసి రండి. కిడ్నీలో ఆక్సలేట్ రాళ్లు వచ్చినవాళ్లు డాక్టరును అడక్కుండా రోజూ తినొద్దు, కోకోలో ఆక్సలేట్లు ఎక్కువ. ఇంట్లో కుక్క ఉంటే బార్ దానికి అందని ఎత్తులో పెట్టండి. థియోబ్రోమిన్ కుక్కలకు విషం, చాక్లెట్ ఎంత డార్క్ అయితే అంత ప్రమాదం.