లెక్కల నోటుబుక్ వెనక బొమ్మలు వేసే పాపకు ఏ స్కూలు?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా వారిది బట్టల షాపు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా మాట్లాడతాం. మా పాప ఐదో తరగతి. బొమ్మలంటే అన్నం కూడా మర్చిపోతుంది. లెక్కల్లో మాత్రం పాస్ మార్కులు రావడమే కష్టం. ఆరో తరగతికి శ్రీకాకుళంలోనో వైజాగ్‌లోనో హాస్టల్లో వేద్దామని మా వారు అంటున్నారు. అక్కడ ఒక స్కూలు వాళ్లు టెస్టు పెట్టి, చివరి సెక్షన్లో అయితే సీటు ఇస్తామన్నారు. ఊళ్లో రెండు ప్రైవేటు ఇంగ్లీషు మీడియం స్కూళ్లు కూడా చూశాం. ఏం చేయాలో తోచక టెన్షన్‌గా ఉంది. పాప నోటుబుక్ ఫొటోలు పంపుతున్నాను.

జవాబు: అమ్మా, ముందు ఆ ఫొటోల గురించే మాట్లాడాలి. ఒక పేజీలో భిన్నాల లెక్కలు, వాటి మీద మూడు ఎర్ర ఇంటూలు. పేజీ తిప్పితే కొమ్ముతో దువ్వెన చేస్తున్న పెద్దాయన బొమ్మ. ఆకురాయి పట్టుకున్న వేళ్లు ఎలా వంగాయో, ఒళ్లో పొడి ఎక్కడ రాలిందో కూడా వేసింది. దువ్వెన పళ్ల మధ్య ఎడం చూడండి, స్కేలు లేకుండానే ఎంత సమానంగా కుదిరిందో! ఇంత ఓపిగ్గా చూసే పిల్లకు ఏకాగ్రత లేదని టీచరు రాస్తే నేను ఒప్పుకోను. కంటితోనే సమాన భాగాలు చేయగలిగిన పిల్లకు భిన్నాలు రాకపోవడం ఏమిటి? వాటిని చెప్పే పద్ధతే తనకు అందడం లేదేమో.

అందుకే స్కూలు వెతికే ముందు ఒక చిన్న పని చేయండి. సాయంత్రం షాపులో పాపను పక్కన కూర్చోబెట్టుకుని తెలుగులో అడగండి: "ఈ తానులో ఆరు మీటర్లుంది, మూడో వంతు కోస్తే ఎన్ని మీటర్లు?" నోటితో టకటకా చెప్పేస్తే తనకు లెక్క వచ్చినట్టే. పుస్తకంలో ఇంగ్లీషు, క్లాసులో ఒడియా, ఇంట్లో తెలుగు. ఈ మూడింటి మధ్యే ఎక్కడో చిక్కుపడుతోంది. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మీది. సవర గిరిజన పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు అందాలని ఆయన పట్టుబట్టి వాచకాలు రాశారు. అప్పటి సవర పిల్లల ఇబ్బందే ఇప్పుడు మన తెలుగు పిల్లలకు ఒడిశాలో ఎదురవుతోంది.

నోటితో అడిగినా తడబడుతుంటే, చదివేటప్పుడు అక్షరాలు తారుమారు చేస్తుంటే, కళ్లు పరీక్ష చేయించి పిల్లల డాక్టరుకు కూడా చూపించండి. డిస్లెక్సియా, అంటే చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది లాంటిది ఉంటే అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. అలాంటి పిల్లలకు సీబీఎస్ఈ బోర్డు పరీక్షల్లో అదనపు సమయం ఇస్తారు.

ఇక హాస్టల్ సంగతి. వద్దమ్మా. పదేళ్ల పిల్లను ఇంటికి దూరంగా పంపి, చేరిన రోజే చివరి సెక్షన్ అని ముద్ర వేయించడానికి నా మనసు ఒప్పుకోదు. అసలు ఎనిమిదో తరగతి వరకు చేర్చుకోవడానికి పిల్లలకు టెస్టు పెట్టడాన్ని, తల్లిదండ్రులను ఇంటర్వ్యూ చేయడాన్ని 2009 విద్యాహక్కు చట్టం నిషేధించింది. మైనారిటీ సంస్థలు తప్ప మిగతా ప్రైవేటు స్కూళ్లకూ ఇది వర్తిస్తుంది. మొదటిసారి 25,000 రూపాయల వరకు జరిమానా, ఆ తర్వాత ప్రతిసారీ 50,000 వరకు. కొట్టడం, మాటలతో వేధించడం కూడా అదే చట్టం ప్రకారం తప్పు. మీరు వెళ్లి పోట్లాడాలని కాదు, ఆ స్కూలు సంగతి మీకు తెలియాలని చెబుతున్నాను.

ఊళ్లో చూసిన రెండు స్కూళ్లకూ మళ్లీ వెళ్లండి. వార్షికోత్సవం నాడు కాదు, మామూలు మంగళవారం. పాపనూ తీసుకెళ్లండి. గోడల మీద పిల్లల బొమ్మలు చూడండి. ముప్ఫై మందీ రెండు కొండల మధ్య సూర్యుణ్నే వేస్తే, అక్కడ బోర్డు మీది బొమ్మను కాపీ చేయిస్తున్నారని అర్థం. ఆర్ట్ రూమ్‌కు తాళం ఉంటే తీయించి చూడండి. విరిగిన బెంచీలు దాచుకున్న గదులు నేను చాలా చూశాను. ప్రిన్సిపాల్ చెప్పేది వింటూనే ఆరో తరగతి పిల్లల్లో ఎవరినైనా అడగండి: "యూనిట్ టెస్టుల ముందు డ్రాయింగ్ పీరియడ్ ఉంటుందా, లెక్కల మాస్టారు తీసేసుకుంటారా?" బ్రోషర్ కన్నా ఆ జవాబే నమ్మకమైనది.

2020 జాతీయ విద్యా విధానంలో ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పది రోజులు సంచీ లేకుండా, స్థానిక పనివాళ్ల దగ్గర చేతిపని నేర్చుకునే ఏర్పాటు ఉంది. మీ స్కూల్లో ఆ పది రోజులు ఎప్పుడు జరిపారు, పిల్లలను ఎక్కడికి తీసుకెళ్లారు అని అడగండి. కొమ్ము పనివాళ్లున్న ఊళ్లో ఉండి, పిల్లలను ఒక్కసారైనా వాళ్ల దగ్గరికి తీసుకెళ్లని స్కూలును నేనైతే పక్కన పెడతాను.

రెండు స్కూళ్లూ సీబీఎస్ఈ అయితే తొమ్మిదో తరగతిలో పెయింటింగ్ సబ్జెక్టు ఇస్తారా అని ఇప్పుడే తెలుసుకోండి. బోర్డు జాబితాలో ఉన్నా, స్కూలు నేర్పకపోతే పాపకు దక్కదు. లెక్కల గురించి భయం వద్దు. ఫీజు మాత్రం బస్సు, పుస్తకాలు, యూనిఫాం అన్నీ కలిపి ఏడాదికి ఎంతో కాగితం మీద రాయించుకోండి.

మీ వారికి భవిష్యత్తు గురించి దిగులు ఉండడం సహజమే. ఆయనకు ఇది చూపించండి. గంజాం జిల్లా ఖల్లికోటలో ప్రభుత్వ ఆర్ట్ కాలేజీ ఉంది. భువనేశ్వర్‌లో ఫ్యాషన్ డిజైన్ నేర్పే నిఫ్ట్ ఉంది. వైజాగ్‌లో ఆంధ్రా యూనివర్సిటీ ఫైన్ ఆర్ట్స్ విభాగం ఉంది. నిఫ్ట్‌లోనూ, జాతీయ డిజైన్ సంస్థ ఎన్ఐడీలోనూ డిజైన్ డిగ్రీకి ఇంటర్‌లో ఏ గ్రూపు చదివినా చాలు. బట్టల వ్యాపారం చేసే ఇంటికి టెక్స్‌టైల్ డిజైన్ కొత్త లోకమేమీ కాదు. అయితే నిఫ్ట్ ప్రవేశ పరీక్షలో లెక్కల ప్రశ్నలూ ఉంటాయి, ఆర్కిటెక్చర్‌కు ఇంటర్‌లో మ్యాథ్స్ తప్పనిసరి. కాబట్టి బొమ్మలొచ్చాయని లెక్కలు పూర్తిగా వదిలేయకండి. రోజూ అరగంట, తెలుగులో, షాపులోనే.

ఇంకో మాట. కేంద్ర ప్రభుత్వ సాంస్కృతిక శిక్షణ సంస్థ సీసీఆర్టీ 10 నుంచి 14 ఏళ్ల పిల్లలకు సంప్రదాయ కళలు, చేతిపనులు నేర్చుకోవడానికి స్కాలర్‌షిప్ ఇస్తుంది. పాపకు సరిగ్గా ఇదే వయసు. నోటిఫికేషన్ కోసం కనిపెట్టుకుని ఉండండి. ఈలోగా ఆ నోటుబుక్ పాత పేపర్లలో పోనివ్వకండి. దువ్వెన బొమ్మ కింద పాప చేతనే తేదీ వేయించి, జాగ్రత్తగా దాచండి.