పిల్లల్ని ఆలోచింపజేసే సైన్స్ టీచర్ కావాలంటే...

ప్రశ్న: బోటనీతో డిగ్రీ చేసి టీచర్ ట్రైనింగ్‌లో ఉన్నాను. ప్రాక్టీస్ టీచింగ్‌లో కిరణజన్య సంయోగక్రియ పాఠం చెప్పాను. పిల్లలు టకటకా జవాబులిచ్చారు. అయినా క్లాసు చూడటానికి వచ్చిన మేడమ్ ‘అన్నీ బట్టీ ప్రశ్నలే, ఆలోచింపజేసేది ఒక్కటీ లేదు’ అన్నారు. అప్పట్నుంచి టెన్షన్‌గా ఉంది. ఈ ఉద్యోగానికి నేను పనికొస్తానా?

జవాబు: తప్పకుండా పనికొస్తారు. పాఠం మధ్యలో అప్పటికప్పుడు మంచి ప్రశ్న తట్టడం అనుభవమున్న వాళ్లకే కష్టం. అందుకే ముందుగానే కూర్చుని రాసుకోవాలి.

మీ పాఠమే తీసుకుందాం. ‘కిరణజన్య సంయోగక్రియకు ఏమేం కావాలి?’ అంటే పుస్తకంలోని వాక్యమే తిరిగొస్తుంది. దాని బదులు 1648లో అచ్చయిన శాస్త్రవేత్త వాన్ హెల్మాంట్ ప్రయోగం వివరాలు బోర్డు మీద రాయండి. ఆయన ఎండు మట్టిని తూచి, అందులో సుమారు 2.3 కిలోల విల్లో మొక్క నాటి, ఐదేళ్లపాటు నీళ్లు మాత్రమే పోశారు. చెట్టు బరువు మరో 74 కిలోల దాకా పెరిగింది. మట్టి తగ్గింది 60 గ్రాముల లోపే. కాబట్టి చెట్టంతా నీటి నుంచే వచ్చిందని తేల్చారు. ఇప్పుడు అడగండి: ‘అది సరైనదేనా? ఆయన లెక్కలోకి తీసుకోనిది ఏమిటి? తెలుసుకోవాలంటే మీరైతే ప్రయోగాన్ని ఎలా మారుస్తారు?’

ఎవరో ఒకరు ‘మట్టిలోంచే వచ్చింది’ అంటారు. తప్పనకండి, మట్టి బరువు మళ్లీ చూడమనండి. కాసేపటికి ఎవరో గాలి మాట ఎత్తుతారు. ఆ మూడు ప్రశ్నల్లోనే విశ్లేషణ, మూల్యాంకనం, సృజన వచ్చేశాయి. నేర్చుకునే లక్ష్యాలను తేలిక నుంచి కష్టానికి మెట్లుగా పేర్చిన 1956 నాటి బ్లూమ్ వర్గీకరణను 2001లో సవరించినప్పుడు పై మెట్లుగా పెట్టినవి ఇవే. అయితే కింది మెట్లన్నీ పూర్తయ్యాకే పైకి వెళ్లాలని అనుకోకండి. అలాగని విషయ పరిజ్ఞానం అక్కర్లేదనీ కాదు. గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఉంటుందని తెలియని పిల్లవాడికి ఎంత ఆలోచించినా ఆ బరువు లెక్క తేలదు.

టకటకా జవాబులు వచ్చాయన్నారు చూడండి, నా అనుమానమంతా అక్కడే. సైన్స్ తరగతులను పరిశీలించిన మేరీ బడ్ రోవ్, టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని గుర్తించారు. మూడు సెకన్లో అంతకన్నా ఎక్కువో ఆగితే జవాబులు పొడవయ్యాయి, మామూలుగా మాట్లాడని పిల్లలూ నోరు విప్పారు. మొదట్లో ఆ నిశ్శబ్దం ఇబ్బందిగానే ఉంటుంది, అయినా ఓపిక పట్టండి. మీ గొంతు రికార్డు చేసుకుని వింటే ఎంతసేపు ఆగుతున్నారో మీకే తెలుస్తుంది.

ఉద్యోగానికి డెమో క్లాసు ఇచ్చేటప్పుడు పాఠమంతా ముగించాలన్న తొందర వద్దు, ఒక్క మంచి ప్రశ్న చుట్టూ క్లాసు నడపండి. ఇప్పటి నుంచే ప్రతి పాఠానికి రెండు మూడు ప్రశ్నలు, వాటికి పిల్లలిచ్చిన జవాబులు, ముఖ్యంగా తప్పు జవాబులు, ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటూ ఉండండి. ఇంటర్వ్యూలో మీ పని గురించి చెప్పడానికి సర్టిఫికెట్ల కన్నా అదే ఎక్కువ పనికొస్తుంది.

వచ్చే ప్రాక్టీస్ క్లాసుకు ఆ మేడమ్‌నే రమ్మని అడగండి. ముందురోజే మీ ప్రశ్నల కాగితం ఆమెకిచ్చి, ఏది తీసేయాలో చెప్పమనండి.