మేనకోడలికి, లోకల్ సెర్చ్ పని గురించి

చిరంజీవి అమ్మలూకి,

ఆశీస్సులు. ఉద్యోగం మానేసి లోకల్ ఎస్ఈవో పని, అంటే చుట్టుపక్కలవాళ్లు గూగుల్‌లో వెతికినప్పుడు వ్యాపారాలు పైన కనబడేలా చేసే పని, సొంతంగా మొదలుపెట్టావని విని సంతోషించాను. మొదటి క్లయింటుగా ఒక పళ్ల డాక్టరు దొరికారన్నావు, బాగుంది. కానీ "మూడు నెలల్లో మొదటి స్థానం తెప్పిస్తానని మాటిచ్చాను మావయ్యా" అన్నావు చూడు, అది విన్నాక నాకు నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే వాదన అవుతుందని రాస్తున్నాను.

ముందు ఆ మాట వెనక్కి తీసుకో. చుట్టుపక్కల వ్యాపారాలని చూపించేటప్పుడు ముఖ్యంగా మూడు విషయాలు చూస్తామని గూగులే చెబుతుంది: వెతికినదానికి ఆ వ్యాపారం ఎంత సరిపోతుంది, వెతికినవాళ్లకి ఎంత దూరంలో ఉంది, దానికి జనంలో ఎంత పేరుంది. ఇందులో దూరం నీ చేతిలో లేదు. క్లినిక్‌కి రెండు వీధుల అవతల ఉన్నవాడికి ఒక వరుస కనబడుతుంది, ఊరి చివర ఉన్నవాడికి ఇంకో వరుస. అందరికీ ఒకటే మొదటి స్థానం అనేది లేదు. పైగా మ్యాప్ కింద ఒకప్పుడు ఏడు పేర్లు వచ్చేవి, 2015 ఆగస్టులో వాటిని మూడుకి కుదించారు. ప్రకటనలు వేరే సంగతి. మామూలు వరుసలో పైకి రావడానికి మాత్రం డబ్బు కట్టే దారి లేదు. ఉందని ఎవరైనా నీకు ఫోన్ చేస్తే పెట్టేసెయ్.

ఇంకో తమాషా కూడా చూస్తావు. డాక్టరుగారు క్లినిక్‌లోనే కూర్చుని తన ఫోన్లో వెతుకుతారు. తన పేరే పైన కనబడుతుంది. "మనం పైనే ఉన్నాం కదా, ఇక నువ్వు చేసేదేముంది?" అంటారు. ఆయన్ని వేర్వేరు పేటల్లో ఉన్న బంధువులకి ఫోన్ చేసి వెతికించమను, విషయం అర్థమవుతుంది.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెబుతాను. ఈ పనిలో కొత్తగా ఉన్నప్పుడు ఒక క్లయింటు దుకాణం పేరు పక్కన 'బెస్ట్', 'చవక', పేట పేరు, చేసే పనులు అన్నీ తగిలించాను. కొన్నాళ్లు బాగానే పైకి వచ్చింది. నేనేదో కనిపెట్టాననుకున్నాను. ఒకరోజు పొద్దున్న చూస్తే లిస్టింగ్, అంటే గూగుల్‌లో ఆ దుకాణం ప్రొఫైల్, సస్పెండ్. మ్యాప్‌లో దుకాణమే లేదు. బోర్డు ఫోటోలు, లైసెన్సు కాగితాలు పంపి తిరిగి తెప్పించేసరికి వారాలు పట్టింది. ఆ వారాలన్నీ ఆ దుకాణం ఫోను మోగలేదు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, అది ఇంకా బాధ. బోర్డు మీద ఏ పేరుందో లిస్టింగ్‌లో అదే ఉండాలి, ఒక్క అక్షరం ఎక్కువ వద్దు.

పేరుతో చేద్దామనుకున్నది నిజానికి కేటగిరీతో చెయ్యాలి. ముఖ్యమైన కేటగిరీ ఒకటి, అదనంగా తొమ్మిది దాకా పెట్టుకోవచ్చు. ఖాళీలున్నాయి కదా అని నింపకు. పిల్లల పళ్లు చూడని డాక్టరుకి ఆ కేటగిరీ పెడితే ఏడుస్తున్న పిల్లాడితో వచ్చిన తల్లి తిరిగి వెళ్లిపోయి ఒక్క స్టార్ ఇస్తుంది. పని వేళల సంగతీ అంతే. పండగ సెలవులు విడిగా ముందే పెట్టు. తెరిచి ఉందని నమ్మి వచ్చినవాడికి తాళం కనబడితే వాడు మళ్లీ రాడు.

రేపు ఇళ్లకి వెళ్లి పనిచేసే ప్లంబర్ లాంటివాళ్లు వస్తే, వాళ్ల ఇంటి చిరునామా దాచి, తిరిగే ప్రాంతాలు మాత్రం చూపించు. ఇరవై దాకా ఇవ్వచ్చు. కానీ అలా రాసినంత మాత్రాన ఆ ఇరవై చోట్లా పైకి రారు, అది ముందే చెప్పు.

రివ్యూల దగ్గర నీకు టెన్షన్ మొదలవుతుంది, చూడు. రివ్యూ రాస్తే డిస్కౌంటు ఇద్దామని డాక్టరుగారే అంటారు. కుదరదు, నిబంధనలకి విరుద్ధం. బాగుందన్నవాళ్లని మాత్రమే ఏరి అడగడం కూడా అంతే. కౌంటర్ దగ్గర క్యూఆర్ కోడ్ పెట్టించి, వచ్చిన ప్రతివాళ్లనీ ఒకే మాటతో అడగమను. వారంలో నలభై వచ్చి ఆ తర్వాత ఏడాది సున్నా కంటే వారానికి రెండు చొప్పున రావడం నయం. తిట్టినవాళ్లకి జవాబు రాసేటప్పుడు ఒక రోజు ఆగి రాయి. ఇక్కడ నీ క్లయింటు డాక్టరు అని మరిచిపోకు. "మీ రూట్ కెనాల్ అప్పుడు మీరే రాలేదు కదా" అని జవాబు రాస్తే ఒకరి వైద్యం సంగతి లోకానికి చెప్పినట్టే. "క్లినిక్‌కి ఫోన్ చెయ్యండి, మాట్లాడదాం" అంటే చాలు.

రివ్యూలని చదువు కూడా. జనం 'ఎండోడాంటిక్స్' అని రాయరు, 'రూట్ కెనాల్ చేసినా నొప్పి తెలియలేదు' అని రాస్తారు. వెబ్‌సైటులో ఆ మాటలు పెట్టు. ఒక్కో వైద్యానికి ఒక్కో పేజీ ఉండాలి. చిరునామా, ఫోన్ నంబరు బొమ్మగా కాకుండా అక్షరాల్లో ఉండాలి, అన్నిచోట్లా ఒకేలా ఉండాలి. పేజీలో ఏముందో సెర్చ్ ఇంజన్లకి చెప్పే కోడ్ ఉంటుంది కదా, ఆ స్కీమాలో పళ్ల డాక్టర్లకి విడిగా రకమే ఉంది, అది వాడు.

సొంత వెబ్‌సైటు ఎందుకంటావా? గూగుల్ ప్రొఫైల్‌తో పాటు ఉచితంగా చిన్న వెబ్‌సైటు ఇచ్చేది, 2024 మార్చిలో దాన్ని మూసేసింది. అదొక్కటే నమ్ముకున్నవాళ్లకి అద్దె ఇంట్లో బావి తవ్వుకున్నట్టయింది. అందుకే యాపిల్ మ్యాప్స్‌లో, బింగ్‌లో కూడా వివరాలు సరిచెయ్యి. పెద్ద పని కాదు, ఓ మధ్యాహ్నం చాలు.

ప్రొఫైల్ ఓనర్ ఎప్పుడూ డాక్టరుగారే కావాలి, నువ్వు మేనేజరుగా ఉండు. రేపు మీకు మీకు చెడినా ఆయన లిస్టింగ్ ఆయన దగ్గరే ఉండాలి. దాన్ని గుప్పిట్లో పెట్టుకుని డబ్బు గుంజే ఏజెన్సీలని చూశాను, మనకి ఆ తిండి వద్దు.

స్థానం బదులు ఏం చూపిస్తావంటే, ఎన్ని కాల్స్ వచ్చాయి, ఎంతమంది దారి అడిగారు, ఏ మాటలతో వెతికారు, ఇవన్నీ ప్రొఫైల్‌లోనే కనబడతాయి. పని ముట్టుకోకముందు గడిచిన మూడు నెలల అంకెలు రాసి పెట్టుకో. రిసెప్షన్ అమ్మాయిని కూడా "మా గురించి ఎలా తెలిసింది?" అని కొత్తవాళ్లని అడిగి నోటుబుక్కులో రాయమను. నాకు ఆ నోటుబుక్కు మీదే నమ్మకం ఎక్కువ.

ఆ మాట వెనక్కి తీసుకున్నప్పుడు డాక్టరుగారు ఏమన్నారో రాయి.

మీ మావయ్య