సబ్‌వూఫర్ పెట్టెకు ఎండీఎఫా, ప్లైవుడ్డా, టేకా?

12 అంగుళాల సబ్‌వూఫర్‌కు, అంటే పాటలో లోతైన బాస్ శబ్దం పలికించే పెద్ద స్పీకర్‌కు, పెట్టె చేయించాలి, వార్డ్‌రోబ్ పనిలో మిగిలిన పార్టికల్ బోర్డు సరిపోతుందని కార్పెంటర్, టేకే మేలని నాన్నగారు అంటున్నారు, ఏం చేయమంటారని ఒకరు అడిగారు. విజయవాడలో మా ఇంటికీ, స్నేహితుల కార్లకూ పెట్టెలు కట్టిన అనుభవంతో చెప్తున్నాను.

తలుపులకు, మంచాలకు టేకును మించింది లేదు. కానీ టేకులాంటి పలక చెక్క వానాకాలంలో తేమ పీల్చి సాగుతుంది, మన మే నెల ఎండలకు కుంచించుకుపోతుంది. అతుకు దగ్గర వెంట్రుకంత సందు వచ్చినా సీల్డ్ (గాలి చొరకుండా అన్నివైపులా మూసిన) పెట్టెలోంచి గాలి పోయి, బాస్ పడినప్పుడల్లా ఫుస్‌మంటుంది. పార్టికల్ బోర్డు అసలే వద్దండీ. స్క్రూ పట్టు నిలవదు, తడి తగిలితే బూరెలా పొంగుతుంది.

హాల్లో ఒకచోటే ఉండే పెట్టెకు నా ఓటు 18 ఎంఎం ఎండీఎఫ్‌కే, అంటే చెక్క పీచును జిగురుతో ఒత్తి చేసే బోర్డుకే. ఎనిమిది బై నాలుగు షీటు దాదాపు 40 కిలోలు ఉంటుంది. ఆ బరువు, లోపలంతా ఒకే గట్టిదనం ఉండటం వల్లే పెట్టె గోడలు తొందరగా అదరవు. అంచులో స్క్రూ నేరుగా దించితే మాత్రం చీలుతుంది, ముందు సన్న బిట్‌తో రంధ్రం వేయించండి. కోసేటప్పుడు మాస్కు తప్పనిసరి, ఆ పొడి చాలా చెడ్డది.

కారు డిక్కీకో, నీళ్లొచ్చే గ్రౌండ్ ఫ్లోర్‌కో అయితే ప్లై తీసుకోండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో మా మిత్రుడి ఎండీఎఫ్ పెట్టె అంచులు ఉబ్బి విచ్చుకుపోయాయి. షీటు మీద ఐఎస్ 710 ముద్ర ఉందో లేదో చూడండి, అది తడిని తట్టుకునే మెరైన్ రకం. కొనేముందు షీటు పొడవునా వేలి కణుపుతో కొట్టండి. ఎక్కడైనా డొల్ల శబ్దం వస్తే లోపలి పొరల్లో ఖాళీ ఉన్నట్టు, బాస్‌కు అక్కడ గరగరమంటుంది. షాపువాడు విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి.

ఏ చెక్కైనా మధ్యలో అడ్డపట్టీ వేయించండి. లోపలి మూలలకు సిలికాన్ పూయించి, అది పూర్తిగా ఆరాకే స్పీకర్ బిగించండి.

కార్పెంటర్‌కు ఇచ్చే కొలతలు లోపలివో బయటివో కాగితం మీద రాసివ్వండి. బయట 14 అంగుళాల ఘనం 1.59 ఘనపుటడుగులు. అన్ని వైపులా 18 ఎంఎం మందం పోతే లోపల మిగిలేది 1.15 మాత్రమే. అందులో అడ్డపట్టీ, స్పీకర్ వెనక భాగం ఆక్రమించేది కూడా తీసేసి, స్పీకర్‌తో వచ్చిన కాగితంలో పెట్టె లోపల ఎన్ని ఘనపుటడుగులు కావాలని ఉందో దాంతో సరిచూసుకోండి.